జపాన్‌లో చిన్న భోజనశాలకు వెళ్లాలంటే: భాష రాకపోయినా, గొడ్డుమాంసం తినకపోయినా

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. కంపెనీ పని మీద ఆరు నెలలు టోక్యోలో ఉండబోతున్నారు. ఆఫీసు చుట్టుపక్కల సందుల్లో ఎనిమిది పది మంది మాత్రమే పట్టే చిన్న భోజనశాలలు చాలా ఉన్నాయని విన్నారు. జపనీస్ రాదు. చేపలు, కోడి, గుడ్లు తింటారు గానీ గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు. కొంతకాలం తర్వాత వచ్చే మీ శ్రీమతి పూర్తి శాకాహారి, గుడ్డు కూడా తినరు. అలాంటి చోటికి వెళ్లవచ్చా, వెళ్తే ఎలా మసలుకోవాలి అన్నది మీ సందేహం.

మీ వరకు అయితే నిస్సంకోచంగా వెళ్లండి. టోక్యోలో తక్కువ ఖర్చుతో, వేడివేడిగా, ఇంటి వంటకు దగ్గరగా ఉండే భోజనం దొరికేది అక్కడే. మీ శ్రీమతి విషయం అంత తేలిక కాదు. దాని గురించి చివర్లో వివరంగా రాస్తాను. ఈ విషయంలో మనవాళ్లు ఒకరికొకరు చెప్పుకునే ధైర్యం చాలావరకు ఉత్తదే. ఏళ్ల తరబడి ఇక్కడే ఉంటూ, పని ఉన్న రోజుల్లో మధ్యాహ్న భోజనం ఎక్కువగా ఇలాంటి చోట్లే చేస్తున్నాను కాబట్టి కళ్లారా చూసినదే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఆ వంటగది ఎలా నడుస్తుందో తెలియాలి. అది తెలిస్తే మర్యాదల్లో సగం ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. ఇక్కడ షోకుదో అనే చిన్న భోజనశాల మన ఊళ్లలో మెస్ వంటిది. చాలా చోట్ల వండేది ఒకరు, వడ్డించి డబ్బు తీసుకునేది ఇంకొకరు. భార్యాభర్తలో తల్లీకొడుకులో అయి ఉంటారు. పొద్దున్నే బియ్యం కడిగి, చేపలకు ఉప్పు పట్టించి, సూప్‌కు కావలసిన రసం కాచి, క్యాబేజీ వెంట్రుకల్లా సన్నగా తరిగి పెట్టుకుంటారు. పదకొండున్నర ప్రాంతంలో తెరుస్తారు. పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య చుట్టుపక్కల ఆఫీసులన్నీ ఒకేసారి భోజనానికి వదులుతాయి. ఆ గంటలో ఒక్కో కుర్చీలో ఇద్దరు ముగ్గురు మారితేనే ఆ రోజు గిట్టుబాటు అవుతుంది. అందుకే అక్కడ ‘ఇది తీసేసి అది వేయండి’ అనే బేరం కుదరదు. తిన్నాక కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవడం, లాప్‌టాప్ తెరవడం, ఆరుగురు కలిసి ఒకేసారి లోపలికి వెళ్లడం కూడా పనికిరావు. వంటాయన మొండితనం వల్ల కాదు, పొద్దున చేసిపెట్టుకున్నదాన్ని మధ్యాహ్నం మార్చడం అతని చేతుల్లో ఉండదు. ఇలాంటివి నడుపుతున్నవారిలో చాలామంది వయసు మళ్లినవారు. వాళ్ల తర్వాత నడిపేవారు లేక ఒక్కొక్కటే మూతపడుతున్నాయి కూడా. వాళ్ల పనికి అడ్డం పడకుండా తిని రావడం మన కనీస ధర్మమని నేను గట్టిగా నమ్ముతాను.

మొదటిసారి వెళ్లేటప్పుడు పదకొండున్నరకో, ఒంటిగంట దాటాకో వెళ్లండి. రెండు గంటలకల్లా చాలా చోట్ల మూసేసి మళ్లీ సాయంత్రం ఐదు గంటలకు తెరుస్తారు. మూసే సమయం రెండు అని రాసి ఉంటే ఆర్డర్ ఒకటిన్నరకే ఆపేస్తారని లెక్క వేసుకోండి. తెరిచి ఉందో లేదో గుమ్మం చూస్తేనే తెలుస్తుంది. తలుపు మీద నోరెన్ అనే గుడ్డ తెర వేలాడుతుంటే తెరిచినట్టు, దాన్ని లోపలికి తీసేసి ఉంటే మూసినట్టు. తలుపులు చాలావరకు పక్కకు జరిపేవే. లోపల ఏముందో బయటికి కనిపించదు. మనవాళ్లు వెనక్కి తగ్గేది సరిగ్గా ఇక్కడే. తలుపు జరిపి, తెరను కాస్త పక్కకు తొలగించి, గుమ్మంలోనే నిలబడి వేళ్లు చూపించండి. ఒక్కరైతే ఒక వేలు చూపించి ‘హితోరి దెస్’, ఇద్దరైతే రెండు వేళ్లు చూపించి ‘ఫుతారి దెస్’ అంటే చాలు. వాళ్లు చూపించిన చోటే కూర్చోండి. ఖాళీగా ఉంది కదా అని నలుగురు పట్టే బల్ల దగ్గర ఒక్కరే కూర్చోవడం బాగుండదు. ఒక్కరికి కౌంటరే ఉత్తమం, వంట కళ్ల ముందే జరుగుతుంది. నేల ఎత్తుగా ఉండి చాపలు పరిచిన చోటు చూపిస్తే చెప్పులు కిందే విడవాలి. కాబట్టి చిరుగుల్లేని మేజోళ్లు వేసుకుని వెళ్లండి.

కొన్ని చోట్ల, ముఖ్యంగా రామెన్, సోబా, ఉదోన్ వంటి నూడుల్స్ అమ్మే చోట, గుమ్మం పక్కనే టికెట్ యంత్రం ఉంటుంది. ముందు డబ్బు వేసి, తర్వాత మీట నొక్కి, వచ్చిన చీటీని కౌంటర్ మీద పెట్టాలి. చాలా చోట్ల పై వరుసలో ఎడమవైపు మొదటి మీట ఆ దుకాణానికి పేరు తెచ్చిన వంటకానిది. వెయ్యి యెన్ల నోట్లు దగ్గర పెట్టుకోండి. పాత యంత్రాలు పెద్ద నోట్లు తీసుకోవు. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాక వాటిని గుర్తించని యంత్రాలు కూడా ఉన్నాయి. యంత్రం నోటును బయటికి నెట్టేస్తే లోపలివాళ్లకు చూపించండి, పాత నోటు ఇస్తారు. అయితే రామెన్ దుకాణం మీకు తగిన చోటు కాదని ఇప్పుడే చెబుతున్నాను. పైన వేసే మాంసం ముక్కలు పందివి, వాటిని తీసేయించినా రసం చాలావరకు పంది ఎముకలతోనో, కోడితో కలిపి పంది ఎముకలతోనో కాచినదే.

యంత్రం లేని చోట గోడ నిండా చేతిరాత కాగితపు పట్టీలు వేలాడుతుంటాయి. ఫోనులోని అనువాదం అచ్చు అక్షరాలను బాగానే చదువుతుంది గానీ కుంచెతో రాసిన ఆ రాతను చదవలేక ఏదేదో చెబుతుంది, దాన్ని నమ్మి ఆర్డర్ చేయకండి. బయట అద్దాల అరలో ప్లాస్టిక్ నమూనాలు ఉంటే వాటిని ఫోటో తీసుకుని లోపల చూపించడం అన్నిటికంటే తేలిక. లేకపోతే ‘హిగావారి’ ఏమిటో అడగండి. ఆ రోజుకి ప్రత్యేకంగా చేసిన భోజనం అది. పొద్దున అంగట్లో ఏది బాగుంటే అది తెచ్చి చేస్తారు, వేగంగా వస్తుంది, ధర కూడా సాధారణంగా తక్కువ. మామూలు పేటల్లో ఇలాంటి భోజనం 800 నుంచి 1200 యెన్ల మధ్య ఉంటుంది.

తేషోకు అంటే పళ్లెంలో వచ్చే పూర్తి భోజనం. ఎడమవైపు అన్నం, కుడివైపు మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కలిపిన సూప్, వెనుక అసలు వంటకం, పక్కన చిన్న గిన్నెలో ఉడికించిన కూరో సలాడో, ఇంకో చిన్న పళ్లెంలో ఊరబెట్టిన ముల్లంగి, దోస ముక్కలు. మీరు మొదట అడగవలసింది సాబా షియోయాకి, అంటే ఉప్పు పట్టించి కాల్చిన సాబా చేప. మన కానగంతల జాతిదే, కాకపోతే ఇంకా పెద్దది, కొవ్వు ఎక్కువ. కౌంటర్ దగ్గర కూర్చుంటే అది కాలడం చూడవచ్చు. చర్మం మీద కత్తితో రెండు అడ్డగాట్లు పెడతారు. మంట కింద పెట్టిన కాసేపటికి ఆ గాట్ల అంచులు పైకి లేచి, వాటి మధ్య నుంచి నూనె బుడగలు బుడగలుగా పొంగి, చర్మం మీద నల్లటి మచ్చలు పడతాయి. వంటాయన గడియారం వైపు చూడడు, ఆ బుడగల చప్పుడు తగ్గితే తీస్తాడు. పక్కన తురిమిన ముల్లంగిని చిన్న ముద్దగా పెడతారు. దాని మీద నాలుగు చుక్కలు సోయా సాస్ వేసి, చేప ముక్కతో కలిపి తినాలి. చేపలోని కొవ్వును ఆ ముల్లంగి ఘాటు విరిచేస్తుంది. అన్నం, సూప్ మాత్రం చేప తీసిన తర్వాతే గిన్నెల్లోకి వస్తాయి. ఏదీ చల్లారకూడదని వాళ్ల పట్టుదల. అందుకే పళ్లెం రాగానే తినడం మొదలుపెట్టండి. ఫోటో తీయాలనిపిస్తే ఒకటి చాలు, పక్కవాళ్ల ముఖాలు పడకుండా తీయండి.

చేప పూర్తిగా వస్తే, అంటే శరత్కాలంలో దొరికే సాన్మా లాంటిది అయితే, పైభాగం తిన్నాక చేపను తిరగేయకండి. వెన్నెముకను తల దగ్గర పట్టుకుని పైకి లేపి పక్కన పెట్టి, కింది భాగం తినాలి. ముళ్లన్నీ పళ్లెంలో ఒక మూలకు చేర్చండి. చేపల దగ్గర మనవాళ్లకు, ముఖ్యంగా గోదావరి జిల్లాలవారికి, ఎవరూ నేర్పనక్కర్లేదు గానీ తినడానికి ఇచ్చే రెండు పుల్లలతో (చాప్‌స్టిక్స్) ముళ్లు తీయడానికి కొంత సాధన కావాలి. చేతకాకపోతే ‘ఫోర్క్’ అని అడగండి, నవ్వరు.

చేపలు విసుగొస్తే కోడి ఉంది. అల్లం, వెల్లుల్లి, సోయా సాస్‌లో నానబెట్టి పిండి పట్టించి వేయించిన కరాఅగే, కోడి ముక్కలూ గుడ్డూ కలిపి ఉడికించి అన్నం మీద వేసే ఓయాకోదోన్, పుల్లకు గుచ్చి కాల్చే యాకితోరి ఇవన్నీ మీకు పనికొస్తాయి.

ఇక మీరు జాగ్రత్తపడవలసిన చోట్లు. పేరులో మాంసం ఉన్నవి ఎలాగూ తెలుస్తాయి, తెలియకుండా వచ్చేవాటితోనే ఇబ్బంది. కొరొక్కే అనే బంగాళదుంప వేపుడులో చాలాసార్లు కొద్దిగా కీమా కలుస్తుంది. హాంబాగు అనేది సాధారణంగా గొడ్డు, పంది మాంసాలు కలిపి చేసినది. గ్యోజాలో, అంటే పిండి పొరలో కూరి చేసే కజ్జికాయ ఆకారపు వంటకంలో, సాధారణంగా పంది ఉంటుంది. జపనీస్ కూరలో మాంసం ముక్క కనిపించకపోయినా, కూరకు వాడే ముద్దలో తరచుగా గొడ్డు లేదా పంది కొవ్వు ఉంటుంది. వేయించిన అన్నంలో, యాకిసోబా అనే వేయించిన నూడుల్స్‌లో పందిమాంసం ముక్కలు మామూలు. పక్క గిన్నెలో వచ్చే బంగాళదుంప సలాడ్‌లో గులాబీ రంగు ముక్కలు కనిపిస్తే అవి హామ్, అంటే పందిమాంసమే. అన్నిటికంటే తరచుగా ఎదురయ్యేది తోంజిరు. చలికాలంలో మామూలు మిసో సూప్‌కు బదులు పందిమాంసం, ముల్లంగి, క్యారెట్ వేసి చేసే ఈ సూప్ ఇస్తుంటారు. పైకి మిసో సూప్‌లాగే కనిపిస్తుంది. పంది కట్లెట్లు అమ్మే దుకాణాల్లో వేయించేది పంది కొవ్వులో కావచ్చు. అక్కడ రొయ్యల వేపుడు అడిగినా నూనె అదే. నూనె దాకా పట్టింపు ఉంటే అలాంటి చోటికి వెళ్లకండి.

అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘గ్యూనికు తో బుతానికు వ తాబెరారెమాసెన్’ అనండి. గొడ్డుమాంసం, పందిమాంసం తినలేను అని అర్థం. ఈ వాక్యాన్ని జపనీస్ లిపిలో ఫోనులో పెట్టుకుంటే ఇంకా మంచిది. ముందే చెబితే వాళ్లు ఒక్క నిమిషం ఆలోచించి ఏది కుదురుతుందో చూపిస్తారు. పళ్లెం వచ్చాక చెబితే అది మొత్తం చెత్తబుట్టలోకే వెళ్తుంది. ఆ వృథాకు వాళ్లు నిజంగా బాధపడతారు.

ఒకే చోటికి పదే పదే వెళ్లమని నేను చెప్పడానికి కారణం కూడా ఇదే. నేను తరచుగా వెళ్లే దుకాణంలో వడ్డించే పెద్దావిడ ఒక చలికాలం నుంచి నాకు సూప్ పోసేముందు గరిటె పైకెత్తి చూపించి ‘ఈ రోజు తోంజిరు, మీకు వకామే వేసింది విడిగా చేస్తాను’ అనడం మొదలుపెట్టారు. వకామే అంటే సముద్రపు నాచు. వేడినీళ్లలో కాస్త మిసో కలిపి, నానిన నాచు వేస్తే అయిపోయే పని, కానీ కుర్చీలన్నీ నిండి ఉన్న సమయంలో అది అదనపు పనే. నేను కోరలేదు. మొదటి రోజుల్లో ప్రతిసారీ అదే వాక్యం చెప్పేవాణ్ని, ఆవిడ గుర్తుపెట్టుకున్నారు. పది చోట్ల ఒక్కోసారి తిన్నవారికి ఇది దొరకదు. కొత్త దుకాణాలు వెతకడం వారాంతాలకు ఉంచుకుని, ఆఫీసు రోజుల్లో ఒకటి రెండు చోట్లకే కట్టుబడండి.

తినే పద్ధతి గురించి కొంచెం. అన్నం గిన్నె, సూప్ గిన్నె చేత్తో ఎత్తి పట్టుకుని తినాలి, మనలా పళ్లెం మీదికి వంగి తింటే వాళ్లకు వింతగా ఉంటుంది. సూప్‌కు చెంచా ఇవ్వరు, గిన్నెను నోటి దగ్గర పెట్టుకుని తాగడమే. చారు పోసుకున్నట్టు మిసో సూప్‌ను అన్నంలో పోసుకోవాలని మీకు తప్పకుండా అనిపిస్తుంది. ఇంట్లో పోసుకోండి, బయట వద్దు. ఒక ముద్ద అన్నం, ఒక ముక్క చేప, ఒక గుక్క సూప్ ఇలా మార్చి మార్చి తినడం ఇక్కడి పద్ధతి. వండిన అన్నానికి దేని రుచీ అంటకుండా తినడంలోనే వాళ్లకు ఆనందం. నూడుల్స్‌ను మాత్రం చప్పుడు చేస్తూ జుర్రుకోవచ్చు.

పుల్లల విషయంలో రెండు నియమాలు మాత్రం మరవకండి, మిగిలినవన్నీ మెల్లగా వస్తాయి. అన్నంలో పుల్లలు నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవారి ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించకూడదు. దహనం తర్వాత అస్థికలను బంధువులు పుల్లలతో అలాగే అందుకుంటారు. ఈ రెండిటి బరువు మనవాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు. ఇద్దరు కలిసి ఒకే పళ్లెంలోది పంచుకోవాలంటే తోరిజారా అనే చిన్న పళ్లేలు అడగండి, విడి పుల్లలు కూడా ఇస్తారు. ఎంగిలి పట్టింపు ఉన్న ఇంట్లో పెరిగినవారు పెద్ద పళ్లెం మధ్యలో పెట్టుకుని అందరూ తమ తమ పుల్లలతో తీసుకోవడం చూసి ఇబ్బందిపడుతుంటారు. విడి పుల్లలు అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు.

కారం సంగతి. బల్ల మీద చిన్న సీసాలో షిచిమి ఉంటుంది, మిరపపొడితో నువ్వులు, నారింజ తొక్క వంటి ఏడు రకాలు కలిపినది. నూడుల్స్ మీద, సూప్‌లో ధారాళంగా చల్లుకోండి. జేబులోంచి ఆవకాయ పొట్లం తీయడం మాత్రం వద్దు. చేప మీద ఎంత ఉప్పు పడాలో ఏళ్లుగా ఆలోచించి వేసిన మనిషి మీకు ఎదురుగానే నిలబడి ఉంటాడు. నాలుగైదు భోజనాలయ్యేసరికి ఆ చప్పదనం అనుకున్నది చప్పదనం కాదని మీ నాలుకే చెబుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

అన్నం ఎక్కువనిపిస్తే ఆర్డర్ సమయంలోనే ‘గోహాన్ సుకునామె దె’ అనండి, తగ్గించి పెడతారు. ఎక్కువ కావాలంటే ‘ఓమోరి’. కొన్ని చోట్ల ఎక్కువ అన్నానికి అదనంగా డబ్బు తీసుకోరు. పెట్టించుకుని వదిలేయడాన్ని మాత్రం హర్షించరు. మిగిలినది పొట్లం కట్టించుకోవడం చిన్న దుకాణాల్లో దాదాపు కుదరదు, పాడైన తిండి తిని ఎవరైనా జబ్బుపడతారేమోనని వాళ్ల భయం.

మంచినీళ్లు, టీ ఉచితం. వడ్డించేవారిని పిలవాలంటే ‘సుమిమాసెన్’ అనండి. చిటికెలు వేయడం, చేయి ఊపుతూ కేక వేయడం వద్దు. వంటాయనను పలకరించాలంటే ‘తాయ్‌షో’ అనవచ్చు. పెద్దావిడను ఇతరులు ఎలా పిలుస్తున్నారో కొన్నాళ్లు విని అలాగే పిలవండి, తొందరపడి చనువు తీసుకోకండి. తిన్నాక ‘ఓకాయ్‌కే ఒనెగాయ్‌షిమాస్’ అంటే బిల్లు. డబ్బు చేతికివ్వకుండా అక్కడున్న చిన్న పళ్లెంలో పెట్టండి. క్యూఆర్ చెల్లింపులు చాలా చోట్లకు వచ్చాయి గానీ నగదు మాత్రమే తీసుకునే చోట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి చేతిలో డబ్బు ఉండాలి. టిప్ ఇవ్వకండి. చిల్లర వదిలేసి బయటికొస్తే మరిచిపోయారనుకుని రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చి ఇచ్చేస్తారు. మధ్యాహ్నం రద్దీలో నలుగురు నాలుగు బిల్లులు అడగకండి, ఒకరు కట్టి తర్వాత పంచుకోండి. బయటికి వస్తూ వంటగది వైపు తిరిగి ‘గోచిసోసామా దెష్తా’ అనండి, భోజనానికి కృతజ్ఞతలు అని. నాకు తెలిసినంతలో వాళ్లకు మనం ఇవ్వగలిగిన టిప్ అదే.

సాయంత్రం సంగతి వేరు. షోకుదోల్లో కొన్ని రాత్రికి ఇజకాయాలుగా మారతాయి, అంటే తాగుతూ చిరుతిళ్లు తినే చోట్లు. అక్కడ ముందు తాగడానికి ఏదో ఒకటి చెప్పాలి. మద్యం అలవాటు లేకపోతే ఊలాంగ్ టీ చెప్పండి, ఎవరూ బలవంతపెట్టరు. కూర్చోగానే మీరు అడగని చిన్న గిన్నె ఒకటి వస్తుంది. దాన్ని ఓతోషి అంటారు, 300 నుంచి 500 యెన్ల దాకా బిల్లులో పడుతుంది. మోసం కాదు, ఆ కుర్చీకి కట్టే రుసుము అనుకోవాలి. పొగ గురించి కూడా తెలుసుకోండి. 2020 ఏప్రిల్ నుంచి భోజనశాలల్లో పొగతాగడాన్ని నిషేధించారు గానీ, అప్పటికే ఉన్న చిన్న దుకాణాలకు షరతులతో మినహాయింపు ఉంది. కాబట్టి మీరు ఇష్టపడే ఆ చిన్న చోట్లలోనే పొగ తగిలే అవకాశం ఎక్కువ. తలుపు మీద గుర్తు ఉంటుంది, చూసి వెళ్లండి. పుల్లలకు గుచ్చి కాల్చేవాటిలో కోడితో పాటు పంది కూడా ఉంటుంది, కూరగాయలకు బేకన్ చుట్టి కాల్చేవీ ఉంటాయి.

ఇప్పుడు మీ శ్రీమతి విషయం. ఉన్నదున్నట్టు చెబుతాను. గుడ్డు కూడా తినని శాకాహారికి మామూలు షోకుదోలో పూర్తి భోజనం దొరకదు. కారణం మాంసం కాదు, దాషి. జపాన్ వంటకు మూలరసం అది. కత్సుఓ అనే ట్యూనా జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెలా గట్టిపడేదాకా ఎండబెట్టి, చిత్రిక పట్టినట్టు పలచటి పొరలు తీసి, వేడినీళ్లలో వేసి కాచి వడగడతారు. కొన్ని చోట్ల ఎండు నెత్తళ్లతో కాస్తారు. మిసో సూప్, నూడుల్స్ రసం, సోబాను ముంచుకునే పులుసు, ఉడికించిన గుమ్మడి, ముల్లంగి, పాలకూర, ఇన్నిటిలోనూ ఉండేది అదే. పొద్దున పెద్ద గిన్నెలో కాచి పెట్టుకుంటారు కాబట్టి ‘చేప లేకుండా ఇవ్వండి’ అంటే చేప ముక్క తీసి ఇవ్వగలరే గానీ రసం మార్చలేరు. పైకి కూరగాయలే కనిపిస్తాయి కనుక మనవాళ్లు చాలామంది శాకాహారమనుకుని తినేస్తున్నారు. తెలిసి తినడం వాళ్ల ఇష్టం, తెలియక తినేలా చేయడం మాత్రం అన్యాయం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

‘మాంసం వద్దు’ అని మాత్రమే చెబితే చాలదు. చాలాసార్లు వాళ్ల మనసుకు వచ్చేవి గొడ్డు, పంది మాంసాలే. కోడి, చేప, సలాడ్ మీద బేకన్ ముక్కలు ఆ లెక్కలోకి రావు. టెంపురా కూరగాయలదే అయినా పిండిలో తరచుగా గుడ్డు ఉంటుంది, నూనెలో రొయ్యలు వేగి ఉంటాయి. నత్తో అనే పులియబెట్టిన సోయా గింజలతో వచ్చే చిన్న పొట్లంలోని సాస్‌లో చేప సారం ఉంటుంది. ఇనారి అనే వేయించిన తోఫు సంచులను తరచుగా దాషిలోనే ఉడికిస్తారు. ఉప్పులో ఊరిన ఉమె పండు పెట్టిన అన్నపు ముద్ద కొంత నయం, కానీ అందులోనూ చేప పొరలు కలిపిన రకం ఉంది.

మరి ఏమి తినవచ్చు? మామూలు అన్నం. ఎదామామె, అంటే ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు. చల్లటి తోఫు, పైన చేప పొరలు చల్లకుండా ఇవ్వమంటే ఇస్తారు. దానికి ‘కత్సుఓబుషి నాషి దె’ అనాలి. కీరా ముక్క పెట్టి చుట్టిన సుషీ. కాల్చిన పుట్టగొడుగులు, షిషితో మిరపకాయలు. జారు సోబా, అంటే చల్లటి సోబా నూడుల్స్, తీసుకుని, పక్కన ఇచ్చే పులుసు ముట్టకుండా సోయా సాస్, వసాబితో తినవచ్చు. ఇవి ఆకలి కాస్త చల్లార్చడానికి సరిపోతాయి, రోజూ భోజనంగా నడవవు. ఇద్దరూ కలిసి వెళ్లాలంటే సాయంత్రం తెరవగానే, ఖాళీగా ఉన్నప్పుడు ఇజకాయాకు వెళ్లండి. విడివిడిగా చిన్న పళ్లేలు తెప్పించుకోవచ్చు కాబట్టి ఆమెకు కూడా నాలుగు దొరుకుతాయి. మధ్యాహ్నం రద్దీలో కౌంటర్ దగ్గర ఒక కుర్చీలో ఊరికే కూర్చోబెట్టకండి, కూర్చున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి ఆర్డర్ చేయాలన్నది ఇక్కడి నియమం. కడుపునిండా తినాలనుకున్న రోజున గొలుసు దుకాణాల్లో కోకో ఇచిబాన్యా వారు చాలా శాఖల్లో జంతు పదార్థాలు లేని కూర అమ్ముతారు, అడిగి తీసుకోండి. ఎదొగావా వార్డులోని నిషి కసాయ్ ప్రాంతంలో భారతీయులు ఎక్కువ, మన భోజనమూ, సరుకులూ దొరుకుతాయి. బౌద్ధ ఆలయ సంప్రదాయంలో సముద్రపు నాచు, పుట్టగొడుగులతో రసం కాచే షోజిన్ వంట ఉంది. ఖరీదు ఎక్కువే గానీ, ముందుగా చెప్పి ఒక్కసారైనా ఆమెను తీసుకెళ్లండి. జపాన్ వంటలో ఉన్న సున్నితమేమిటో అక్కడ ఆమెకు అనుమానం లేకుండా తెలుస్తుంది.

ఆమె కోసం జపనీస్ లిపిలో ఒక చీటీ రాయించి ఉంచండి, ఆఫీసులో ఎవరినడిగినా రాసిస్తారు. ‘నికు మో సాకానా మో తామాగో మో తాబెరారెమాసెన్. తోరినికు మో, కత్సుఓ యా నిబోషి నో దాషి మో దామె దెస్.’ మాంసం, చేప, గుడ్డు ఏదీ తినలేను, కోడి కూడా, చేపలతో కాచిన రసం కూడా కుదరదు అని దాని అర్థం. కూర్చున్నాక కాకుండా గుమ్మం దగ్గరే చూపించండి. వాళ్లు ముఖం ముందు చేయి అడ్డంగా ఆడించినా, రెండు చేతులూ అడ్డంగా పెట్టి గుర్తు చూపించినా తమ వల్ల కాదని అర్థం. మిమ్మల్ని తిరస్కరించినట్టు అనుకోకండి, తెలియకుండా పెట్టేసేవారికంటే వాళ్లే నమ్మదగినవారు. ‘వకారిమాష్తా’ (అర్థమైంది) అని తల వంచి పక్క దుకాణంలో అడగండి.